బాబాయి నమ్మని పెట్టె

మా బాబాయి టీవీలో కనిపించేది ఏదీ నమ్మడు.

వాతావరణం చెప్పే అమ్మాయి రేపు ఎండ కాస్తుందంటే గొడుగు పట్టుకుని బయలుదేరతాడు. వాన పడుతుందంటే ఆరేసిన బట్టలు లోపలికి తేవద్దంటాడు. ఒకసారి ఆ అమ్మాయి చెప్పినట్టే వాన దంచికొట్టి, పిన్ని ఉతికి ఆరేసిన దుప్పట్లన్నీ మళ్ళీ తడిసి ముద్దయ్యాయి. పిన్ని నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. బాబాయి కిటికీలోంచి ఆకాశం వంక చూసి, "చూశావా, ఈసారి నిజం చెప్పి మోసం చేసింది" అన్నాడు.

టీవీని ఇంతగా నమ్మని మనిషి బతుకుతెరువు టీవీలు బాగుచెయ్యడం. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. మూడు గోడల నిండా వీపులు విప్పదీసిన టీవీలు, మధ్యలో ఒక బల్ల, బల్ల మీద పొగలు కక్కే సోల్డరింగ్ ఐరన్, దాని వెనక బాబాయి. ఎవరైనా టీవీ మోసుకొచ్చి, "బొమ్మ రావడం లేదండీ" అంటే, "అదృష్టవంతులు. వస్తే ఏమొస్తుందో తెలుసా?" అని మొదలుపెట్టేవాడు. కానీ పనిలో మాత్రం వంక పెట్టడానికి ఉండదు. "అబద్ధమైనా సరే, స్పష్టంగా కనపడాలి" అనేది ఆయన వృత్తిధర్మం.

నేను పక్కవీధి అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగంలో చేరి వాళ్ళింట్లో మకాం పెట్టాను. పిల్లలు లేని ఇల్లు. సాయంత్రం ఆరయ్యేసరికి పిన్ని, నేను కుర్చీలు లాక్కుని టీవీ ముందు కూర్చునేవాళ్ళం. ఐదు నిమిషాలకల్లా కొట్టులోంచి బాబాయి వచ్చేవాడు. ఆయన కూర్చోడు. తెరకి జానెడు దూరంలో నిలబడి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఒక కన్ను మూసి, "ఇందులో ఏదో ఉంది" అనేవాడు. ఆ ఇంట్లో ఉన్న మూడేళ్ళూ సీరియళ్ళలో ముఖ్యమైన ఘట్టాలన్నీ నేను బాబాయి బట్టతల చుట్టూరా మిగిలిన జాగాలోనే చూశాను.

వంటల కార్యక్రమం వచ్చినప్పుడు ఆయన చేతిగడియారం విప్పి పట్టుకునేవాడు.

"గిన్నెలో పడేసింది పచ్చిది. మూతపెట్టింది. మూత తీసింది. ఉడికిపోయింది. ఎంతసేపు? అర నిమిషం! నువ్వు చెప్పవే, అర నిమిషంలో ఉడుకుతుందా?"

"మీరు అలా అడ్డంగా నిలబడకపోతే ఎలా ఉడికిందో నేర్చుకునేదాన్ని" అనేది పిన్ని.

"నేర్చుకోవడానికి ఏముంది? బల్ల కింద ఇంకొకావిడ కూర్చుని ముందే వండేసింది. ఆవిడ పేరు ఎక్కడా వెయ్యరు. పాపం."

ఆ బల్ల కింద ఆవిడ మీద బాబాయికి చాలా జాలి. నిజానికి వంటింట్లో తనకి ఇష్టమైన కూర తింటున్నప్పుడు కూడా, "పాపం, ఆవిడ తిన్నదో లేదో" అనేవాడు.

వార్తలు అయిపోగానే, చదివినాయన ముందున్న కాగితాలు సర్దుకుంటాడు కదా, అక్కడ బాబాయి నన్ను పట్టుకునేవాడు.

"ఆ కాగితాల మీద ఏముందిరా?"

"వార్తలుంటాయి బాబాయ్."

"వార్తలు ఎదురుగా అద్దం మీద పరిగెడుతుంటే చూసి చదివాడు. ఒక్కసారైనా కిందికి చూశాడా? మరి ఆ కాగితాలు దేనికి? తెల్లకాగితాలురా అవి! నువ్వు రేపు నీ ఆఫీసులో తెల్లకాగితాలు సర్దేసి ఇంటికొచ్చేస్తే ఊరుకుంటారా?"

ఆయన అనుమానం జలుబులా అంటుకునేది. ఆ రోజు నుంచి నేను వార్తలు వినడం మానేసి కాగితాల వంకే చూస్తున్నాను. ఎక్కడ యుద్ధం జరుగుతోందో, ఎవరు గద్దె దిగారో నాకు తెలియదు. కాగితాలు ఆరు అని మాత్రం తెలుసు.

బాబాయి దగ్గర ఒక గీతల నోటుపుస్తకం ఉండేది. అందులో ఎక్కువ పేజీలు ఒకే ఒక్క మనిషికి అంకితం. ఆ మనిషి పేరేమిటో తెలియదు. నీలం చారల చొక్కా వేసుకుంటాడు. పాటల పోటీలో ప్రేక్షకుల్లో మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొడతాడు. మర్నాడు ఇంకో ఛానెల్లో ఆరోగ్యం మీద చర్చ జరుగుతుంటే అక్కడా మూడో వరసలో తల ఊపుతాడు. ఆదివారం హాస్య కార్యక్రమంలో పొట్ట పట్టుకుని నవ్వుతాడు. "వీడెవడు? వీడికి ఇల్లూ వాకిలీ లేవా? వీణ్ణి ఎవరు పంపుతున్నారు?" అని రాసుకుని, కింద రెండు గీతలు కొట్టేవాడు బాబాయి.

ఇంట్లో ఇన్ని అనుమానాలున్నా వాటికి వత్తాసు పలికే దిక్కు ఆయనకి లేకపోయింది. ఆ లోటు తీర్చింది మేడ మీది గదిలో అద్దెకి దిగిన నర్సమ్మ.

ముప్పై ఐదేళ్ళ మనిషి. పెద్దాసుపత్రిలో పిల్లల వార్డులో ఉద్యోగం. తల్లి పోయాక ఒంటరిగా ఉంటోంది. గట్టిగా నాలుగు మాటలు మాట్లాడమంటే మూడోమాటకే చెమటలు పట్టేవి. పిన్ని బలవంతం మీద ఒక సాయంత్రం టీవీ చూడ్డానికి కిందికి దిగింది. సీరియల్లో కథానాయకుడు అప్పటికి రెండు నెలలుగా కోమాలో ఉన్నాడు.

బాబాయి తెర దగ్గర నిలబడి, "కోమాలో ఉన్నవాడికి రోజూ గడ్డం ఎవరు గీస్తున్నారు?" అన్నాడు, అలవాటు ప్రకారం గోడకి చెప్పినట్టు.

వెనకనుంచి చిన్న గొంతు వినిపించింది. "బాబాయిగారూ, కొంచెం పక్కకి జరగండి... ఆ సెలైన్ సూది చేతికి పెట్టలేదండీ. దుప్పటికి పెట్టారు."

బాబాయి గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఆయన మొహం అలా వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు.

"దుప్పటికా!"

"అవునండీ. దుప్పటి ఇవాళో రేపో కోలుకుంటుంది."

ఆ రోజు నుంచి నర్సమ్మకి మా ఇంట్లో ముందువరస కుర్చీ రిజర్వు. ఆసుపత్రి దృశ్యం వస్తే చాలు, "నర్సమ్మా, దిగిరా! ఆపరేషన్ చేస్తున్నారు!" అని బాబాయి మెట్ల దగ్గర నిలబడి కేకపెట్టేవాడు. ఆ అమ్మాయి గబగబా దిగొచ్చి డాక్టరు చేతి తొడుగులు ఎడమది కుడికి వేసుకున్నాడని తేల్చేది. ఇద్దరూ కలిసి సీరియల్ డాక్టర్లలో ఒక్కడికీ పట్టా లేదని నిర్ధారించారు.

అంత బిడియపు మనిషి బట్టలు ఆరేసేటప్పుడు మాత్రం పాడేది. వాళ్ళమ్మ పాడే జోలపాట అది. మూడు చరణాలు. తీగ మీద తడి చీర జాడించి వేస్తూ, ఎవరూ వినడం లేదనుకుని గొంతు విప్పేది. కింద బల్ల దగ్గర సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న బాబాయి చెయ్యి ఆగిపోయేది. పాట అయ్యాక, "ఈ సర్క్యూట్ లో ఏదో తేడా ఉందిరా, అందుకని ఆలోచిస్తున్నాను" అనేవాడు ఎవరూ అడగకుండానే.

పిన్ని ఎవరికీ చెప్పాపెట్టకుండా టీవీ వాళ్ళ పాటల పోటీకి ఆ అమ్మాయి పేరు పంపించింది. పిలుపు వచ్చింది. వెళ్ళి పాడింది. ఎంపికైంది. వీధంతా పండగ చేసుకున్నంత పని చేసింది, ఒక్క బాబాయి తప్ప.

"ఎందుకు ఎంపిక చేశారు?" అన్నాడు.

"బాగా పాడుతుంది కాబట్టి" అంది పిన్ని.

"అది సరేనే. అసలు కారణం?"

పాల్గొనేవాళ్ళ వెంట ఇంటివాళ్ళు ఇద్దరు రావచ్చన్నారు. నర్సమ్మకి ఇంటివాళ్ళంటే మేమే. పిన్ని తనకి రావాల్సిన చోటు నాకు వదిలేసింది. "మీ బాబాయిని ఒక్కణ్ణే పంపితే స్టూడియోకి తాళం వేయించి వస్తారు. నువ్వు కూడా వెళ్ళు" అంది.

స్టూడియో అంటే ఊరి చివర రేకుల గోడౌను. లోపల మాత్రం బంగారు స్తంభాలు, పాలరాతి మెట్లు. బాబాయి అడుగుపెట్టగానే ఒక స్తంభాన్ని వేలి కణుపుతో కొట్టి చూశాడు. థర్మకోల్. నా వంక విజయగర్వంతో చూసి నోటుపుస్తకం తెరిచాడు.

మమ్మల్ని మూడో వరసలో కూర్చోబెట్టారు. బాబాయి పక్క కుర్చీలో నీలం చారల చొక్కా మనిషి!

బాబాయి ఆ చొక్కా వంక, నోటుపుస్తకం వంక మార్చి మార్చి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, పోలీసు ఇన్‌స్పెక్టరులా అడిగాడు. "మీరు మొన్న ఆరోగ్యం చర్చలో ఉన్నారు. ఆదివారం హాస్యంలో ఉన్నారు. అవునా, కాదా?"

ఆ మనిషి కళ్ళు పెద్దవయ్యాయి. లేచి బాబాయి రెండు చేతులూ పట్టేసుకున్నాడు. "సార్! గుర్తుపట్టారా సార్! పదకొండేళ్ళ నుంచి చప్పట్లు కొడుతున్నాను సార్, నన్ను గుర్తుపట్టిన మొదటి మనిషి మీరే! మా ఆవిడ కూడా చూడదు సార్!"

పదకొండేళ్ళ బాధ చెప్పుకున్నాడు. చివరికి నోటుపుస్తకంలో తన గురించి రాసిన పేజీలు చూసి, ఒక్క పేజీ ఇమ్మని బతిమాలుకున్నాడు, ఇంట్లో చూపించుకోవడానికి. బాబాయి చింపి ఇచ్చాడు. ఇచ్చాక నా చెవిలో, "మంచివాడిలా ఉన్నాడు. అదే అనుమానంగా ఉంది" అన్నాడు.

ఇంకా ఎవరూ పాడకముందే, చెవికి గొట్టం తగిలించుకున్న ఒకావిడ వచ్చి మా చేత చప్పట్లు కొట్టించింది. తర్వాత ఆశ్చర్యపొమ్మంది. అందరూ నోళ్ళు తెరిచారు. ఆ తర్వాత, "ఇప్పుడు అందరూ కళ్ళు తుడుచుకోండి" అంది.

"ఎవరు పోయారమ్మా?" అన్నాడు బాబాయి.

"ఎవరూ పోలేదు సార్. తీసిపెట్టుకుంటే తర్వాత వాడుకుంటాం."

"ఎవరైనా పోయాక చెప్పండి. అప్పుడు తుడుచుకుంటాను."

ఆవిడ బతిమాలింది, కసురుకుంది. బాబాయి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చివరికి కెమెరా మా వరసని వదిలేసి ముందుకి పోయింది. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఎప్పుడూ ఏడ్చే ఆవిడ కంట్లో ఎవరో చుక్కలు వెయ్యడం కూడా ఆయన కళ్ళారా చూశాడు. ఇరవై ఏళ్ళుగా తను అన్నవన్నీ నిజమే అని ఒక్క పూటలో తేలిపోవడంతో పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు.

అప్పుడు నర్సమ్మని పిలిచారు.

అంత పెద్ద వేదిక మధ్యలో ఆ అమ్మాయి తప్పిపోయిన పిల్లలా కనిపించింది. రెండు చేతులతో మైకు పట్టుకుని, నేల చూపులు చూస్తూ జోలపాట ఎత్తుకుంది. ఎత్తుకోగానే గోడౌను సద్దుమణిగింది. చప్పట్లు కొట్టించే ఆవిడ చెవి గొట్టం తీసేసింది. చారల చొక్కా ఆయన చప్పట్లకి సిద్ధంగా పెట్టుకున్న చేతులు అలాగే ఒళ్ళో వాలిపోయాయి. నేను పక్కకి తిరిగి చూశాను. బాబాయి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. నోటుపుస్తకం మూసేశాడు. కళ్ళు రెండూ మూసుకుని వింటున్నాడు.

మొదటి చరణం అయింది. రెండో చరణం మొదటి మాట దగ్గర ఆ అమ్మాయి ఆగిపోయింది.

వాద్యాలు ఇంకో చుట్టు తిరిగాయి. నోరు తెరిచింది. మాట రాలేదు. మరో చుట్టు తిరిగాయి. ఒక్కొక్కటే వాద్యం ఆగిపోయింది. ఎవరో "కట్" అన్నారు.

న్యాయనిర్ణేతలు తిట్టలేదు. నవ్వుతూనే, "ఇంట్లో పాడుకోవడం వేరమ్మా, వేదిక వేరు" అన్నాడు ఒకాయన. తిట్టినా బాగుండేది.

తిరిగి వస్తున్నప్పుడు బస్సులో నర్సమ్మ కిటికీ పక్కన కూర్చుంది. "పుట్టినప్పటి నుంచీ విన్న పాట బాబాయిగారూ. మా అమ్మ పాట. దాన్నే మర్చిపోయాను" అంది.

ఎప్పుడూ ఏదో ఒకటి అనే బాబాయి ఆ రోజు బంగారు స్తంభాలు థర్మకోల్ అని కూడా అనలేదు.

ఆ మర్నాటి నుంచి మేడ మీద బట్టలు నిశ్శబ్దంగా ఆరాయి. సాయంత్రాలు టీవీ చూడ్డానికి పిలిస్తే తలనొప్పి అనేది. సీరియల్లో రెండు ఆపరేషన్లు జరిగిపోయాయి, దిగి రాలేదు. వార్డులో పిల్లలు పాడమంటే గొంతు బాగాలేదని తప్పించుకుంటోందని ఆయా చెప్పిందట. "పిల్ల లోపల్లోపల నలిగిపోతోందండీ" అని పిన్ని బాబాయితో అంది. బాబాయి ఒక టీవీ వీపు విప్పి, చూసి, మళ్ళీ బిగించాడు. అందులో చెడిపోయింది ఏమీ లేదు.

రెండు వారాల తర్వాత ఆదివారం మధ్యాహ్నం ఆ కార్యక్రమం టీవీలో వేశారు. కొట్టులో బాగైపోయి, సొంతదారు ఇంకా తీసుకుపోని పెద్ద టీవీ ఉండటంతో వీధంతా మా ముందుగదిలో దిగింది. ఇస్త్రీ ఆయన, దర్జీ, పాలావిడ, వాళ్ళ వాళ్ళ బంధువులు. నర్సమ్మ రానంది. వచ్చి మెట్ల మీద సగంలో నిలబడిపోయింది. ఆమెని నేను ఒక్కణ్ణే చూశానని అనుకున్నాను.

నర్సమ్మ తెర మీదికి వచ్చింది. మొదటి చరణం అవుతుంటే పాలావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సరిగ్గా రెండో చరణం ముందు బాబాయి ఒక్క గెంతులో వెళ్ళి తెరకి అడ్డంగా నిలబడ్డాడు.

"అదుగో! చూశారా?"

"ఏంటండీ చూసేది? మీ తల తప్ప ఏం కనపడట్లేదు!" అంది పిన్ని.

"ఈ మూల! గడ్డంవాడు! మైకు వైరు పీకేశాడు!"

"ఎక్కడ? ఎక్కడ?" అని గదంతా లేచింది. బాబాయి అంగుళం కూడా జరగలేదు. తెర మీద వేలు పెట్టి, "ఇదిగో, వంగాడు... ఇదిగో, లాగాడు... అయిపోయింది! దుర్మార్గుడు! పాడేవాళ్ళకి తమ గొంతు తమకి వినపడకుండా చేస్తే ఎవరైనా ఆగిపోతారు. ఇరవై ఏళ్ళ నుంచి ఈ పెట్టెలు విప్పుతున్నాను, నాకు తెలియదా? ఆ రోజే నా కళ్ళతో చూశాను. రుజువు కోసం ఆగాను" అన్నాడు.

ఆయన పక్కకి జరిగేసరికి సబ్బు ప్రకటన వస్తోంది.

వీధిలో బాబాయి మాటకి అంతవరకు విలువ లేదు. కానీ ఇది మన అమ్మాయి సంగతి.

"గడ్డంవాణ్ణి నేనూ చూశానండీ" అన్నాడు ఇస్త్రీ ఆయన.

"పొట్టిగా ఉన్నాడు" అన్నాడు దర్జీ.

"పొట్టేంటి, తాడిచెట్టులా ఉంటే!" అంది పాలావిడ.

సాయంత్రానికల్లా గడ్డంవాడికి ముగ్గురు అనుచరులు తయారయ్యారు. వాళ్ళు వచ్చిన కారు రంగు కూడా తెలిసిపోయింది. మర్నాడు నర్సమ్మ డ్యూటీకి బయలుదేరితే గుమ్మం గుమ్మానా, "నీ తప్పేం లేదమ్మా, అంతా కుట్ర!" అని పలకరింపులు. ఆమె తలవంచుకుని, "అవునటండీ" అనుకుంటూ పోయింది. మూడోరోజు బట్టలు ఆరేస్తూ, మాటలు లేకుండా రాగం మాత్రం తీసింది. కింద సోల్డరింగ్ ఐరన్ ఆగింది.

నాకు మాత్రం బాబాయి మీద అనుమానం మొదలైంది. ఆయన దగ్గర నేర్చుకున్న విద్యే.

"బాబాయ్, ఆ రోజు పాట జరుగుతుంటే నువ్వు కళ్ళు మూసుకున్నావు కదా?"

"ఒక కన్ను."

"రెండూ. నేను పక్కనే ఉన్నాను."

బాబాయి స్క్రూడ్రైవరు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "ఒకావిడ అంత బాగా పాడుతుంటే నువ్వు వేదిక వైపు చూడకుండా నా కళ్ళు లెక్కపెడుతున్నావా? నీ సంగతేదో తేల్చాలిరా. ఇందులో ఏదో ఉంది."

నెల తిరక్కుండా ఆసుపత్రి వార్షికోత్సవం వచ్చింది. నర్సమ్మ చేత పాడించాలని పిల్లల వార్డు మొత్తం పట్టుపట్టింది. ఆమె రెండ్రోజులు ఆలోచించి, సరేనంది. ఆ మాట వినగానే బాబాయి సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళి, మైకుల ఏర్పాటు మొత్తం తను చూసుకుంటానన్నాడు. ఆసుపత్రి వాళ్ళ దగ్గర వైరు లేని కొత్త మైకు ఉంది. బాబాయి దాన్ని పక్కన పెట్టేశాడు. "గాల్లో ఎగిరొచ్చే శబ్దాన్ని నేను నమ్మను. వైరున్న మైకే ఉండాలి" అని పట్టుబట్టాడు. కొట్టులోంచి పాత మైకు, యాంప్లిఫయర్ మోసుకెళ్ళాడు. ప్లగ్గు ఉన్న గోడ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళందర్నీ పైనుంచి కిందిదాకా చూశాడు. గడ్డం ఉన్న పాపానికి కాంపౌండర్‌ని లేపి ఆఖరి వరసకి పంపించాడు.

సాయంత్రం ఐదింటికి నర్సమ్మ వేదిక ఎక్కింది. ముందు వరసల్లో కట్లు కట్టుకున్న పిల్లలు, వెనక డాక్టర్లు, ఆయాలు, మా వీధి మొత్తం. నేను బాబాయికి కాస్త వెనగ్గా గోడకి ఆనుకుని నిలబడ్డాను. జోలపాట ఎత్తుకుంది. మొదటి చరణం నిండుగా సాగింది.

రెండో చరణం మొదటి మాట. నర్సమ్మ పెదవులు విడివడ్డాయి. ఆగిపోయాయి. ఆ కళ్ళల్లో అదే భయం.

టప్‌మని చప్పుడైంది. మైకు చచ్చిపోయింది.

"ఎవరూ కదలొద్దు!" బాబాయి కుర్చీలోంచి లేచి అరిచాడు. "ఎవడో ప్లగ్గు పీకాడు! అందరూ మీ మీ కుర్చీల కింద చూడండి! వెనక తలుపు ఎవరైనా వెయ్యండి! కాంపౌండరు ఎక్కడ?"

హాలంతా గగ్గోలు. డాక్టర్లు వంగి కుర్చీల కింద చూస్తున్నారు. దర్జీ తలుపు మూసి దానికి అడ్డంగా నిలబడ్డాడు. పాలావిడ కాంపౌండర్ చొక్కా పట్టుకుంది. "నాకేం తెలుసమ్మా, నేనిక్కడ కూర్చున్నాను!" అని అతను మొత్తుకుంటున్నాడు. సూపరింటెండెంటు గారు పొరపాటున తన కుర్చీ కిందే రెండుసార్లు చూసుకున్నారు. వేదిక వైపు చూస్తున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

నేను చూశాను. నర్సమ్మ కళ్ళు మూసుకుంది. పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి, వెనక్కి వెళ్ళి మొదటి చరణం మళ్ళీ నడిచి వస్తున్నట్టు. కాసేపటికి మొహంలో బిగువు సడలింది. మైకు పక్కకి దించేసి రెండో చరణం పాడింది.

వంగినవాళ్ళు వంగినట్టే ఉండిపోయారు. వైరు లేదు, యాంప్లిఫయర్ లేదు. ఆ గొంతు ఆఖరి వరసదాకా నడుచుకుంటూ వెళ్ళింది. పాలావిడ చేతిలో చొక్కా అలాగే ఉండగా కాంపౌండరు కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకోమని ఎవరూ చెప్పలేదు. మూడో చరణానికి ముందువరసలో ఇద్దరు పిల్లలు నిద్రపోయారు. జోలపాటకి అంతకన్నా తీర్పు ఏముంటుంది!

బాబాయి గోడకి ఆనుకుని, కళ్ళు రెండూ మూసుకుని వింటున్నాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆ చేతుల్లో ప్లగ్గు ఉంది.

చప్పట్లు ఆగాక, జనం టీల దగ్గరికి కదిలాక, నేను నర్సమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "అక్కా, ఆ ప్లగ్గు సంగతి..." అన్నాను.

"తెలుసు తమ్ముడూ" అంది. "వేదిక మీంచి నాకు అందరూ కనిపిస్తున్నారు కదా."

"మరి స్టూడియోలో గడ్డంవాడు?"

ఆమె నవ్వు ఆపుకుంది. "ఆ రోజు నా చేతిలో ఉన్న మైకుకి వైరే లేదు. ఏ గడ్డంవాడు ఏం పీకుతాడు?"

"అయితే నువ్వు నమ్మలేదా?"

"నేనే మర్చిపోయానని నాకు తెలీదా? కానీ లోకంలో ఎవర్నీ నమ్మని మనిషి, నేను మర్చిపోయానంటే మాత్రం ఒప్పుకోలేదు చూడు. అంత కష్టపడి గడ్డాలూ వైర్లూ కల్పించారు. నేను నమ్మకపోతే చిన్నబుచ్చుకోరూ? అందుకని వీధితో పాటు నేనూ నమ్మాను." టీ కప్పు అందుకుని, "బాబాయిగారికి చెప్పకు" అంది.

ఇంతలో సూపరింటెండెంటు గారు బాబాయి భుజం మీద చెయ్యి వేసి, ఇంత మంచి కార్యక్రమాన్ని చెడగొట్టాలని చూసిందెవరో తేల్చితీరాలన్నారు. ఇలాంటి విషయాల్లో బాబాయికున్న చూపు ఇంకెవరికీ లేదని వీధివాళ్ళు చెప్పారట. దర్యాప్తు ఆయనకే అప్పగించారు. బాబాయి చాలా గంభీరంగా ఒప్పుకుని, ముందుగా సూపరింటెండెంటు గారినే, "ఆ సమయంలో తమరెక్కడున్నారు?" అని అడిగాడు.

మర్నాడు భోజనాల దగ్గర పిన్ని అన్నం వడ్డిస్తూ, "దర్యాప్తు ఎంతవరకు వచ్చిందండీ?" అంది.

"నడుస్తోంది."

"ఎవరి మీద అనుమానం?"

"అందరి మీదా ఉంది."

పిన్ని గరిటె గిన్నెలో పెట్టి, ఆయన ఎదురుగా కూర్చుంది. "గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాయన మీద కూడానా?"

బాబాయి నా వంక చూశాడు. నేను కంచంలోకి చూశాను. మేడ మీద తడి బట్ట జాడించిన చప్పుడు, వెంటనే పాట. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"నీ సీరియల్ వేళయినట్టుందే. టీవీ పెట్టు" అన్నాడు.

పిన్ని టీవీ పెట్టింది. బాబాయి కంచం పట్టుకుని వచ్చి మా మధ్య కుర్చీలో కూర్చుని, మొదటినుంచి చివరిదాకా ఒక్క మాట మాట్లాడకుండా చూశాడు. తెర మొత్తం ఖాళీగా, విశాలంగా కనిపిస్తోంది. అయినా పిన్ని అటు చూడలేదు. ఆ అరగంటా ఆయన మొహంకేసే చూస్తూ కూర్చుంది, అనుమానంగా.